మేనమామను చూసి చెప్పిన జోస్యం

మా వీధిలో నన్ను ఇండియా అంటారు. కూరగాయల బండి ఆయన, కిరాణం ఆమె, చివరికి కరెంటు మీటర్ చూడ్డానికి వచ్చే మనిషి కూడా అలాగే పిలుస్తాడు. వాళ్ళలో ఒక్కరికీ వెక్కిరించాలని ఉండదు. అదే నా బాధ. వెక్కిరిస్తే నాలుగు మాటలు తిరిగి అనవచ్చు, నాకు నోరు తక్కువేమీ కాదు. కానీ ప్రేమగా "ఇండియా, కొత్తిమీర ఇయ్యాల్నా" అని అడిగే మనిషిని ఏమంటాం? కొత్తిమీర తీసుకుని, తల దించుకుని లోపలికి వచ్చేస్తాను.

ఆ పేరు నాకు ఎనిమిదేళ్ళప్పుడు వచ్చింది. దానికి కారణం మా హాకీ సారు.

సారు ఒక సర్కారు బడిలో వ్యాయామం టీచరు. ఎండాకాలం సెలవుల్లో పొద్దున్నే సిద్దిపేట పిల్లలను మట్టి గ్రౌండ్‌కు రప్పించి హాకీ నేర్పేవారు. స్టిక్కులు చాలకపోతే చివర వంకర తిరిగిన తుమ్మ కొమ్మలు కొట్టించి, చెక్కి ఇచ్చేవారు. ఫీజు లేదు, యూనిఫాం లేదు, చెప్పులతో వచ్చినా ఏమనేవారు కాదు. అంత మంచి మనిషికి ఒకటే జబ్బు. పిల్లను కాసేపు చూసి, పెద్దయ్యాక ఏమవుతుందో చెప్పేసేవారు. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని ఆయన గట్టి నమ్మకం. ముందు అరచెయ్యి చూసేవారు, గీతలు కాదు, వెడల్పు. తర్వాత పాదం. ఆ తర్వాత పిల్లను వదిలేసి తల్లిని అడిగేవారు, మీ అన్నదమ్ములు ఎంత పొడుగుంటారు అని.

పిల్లల ఎత్తు తల్లిదండ్రుల నుంచి రాదు, మేనమామ నుంచి వస్తుందని సారు సిద్ధాంతం. ఇందులో ఆయన కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. మన దగ్గర మేనమామ పోలిక అనని ఇల్లు ఏది? ముక్కు చూసి అంటారు, నడక చూసి అంటారు, కంచంలో అన్నం వదిలేసినా అదే మాట అంటారు. సారు దాన్ని ఆటలోకి తెచ్చారు, అంతే. ఆయన దగ్గర సొంత సాక్ష్యం కూడా ఉంది. ఆయన తండ్రి పొట్టి, మేనమామ పొడుగు, ఆయన పొడుగు. ఇంకేం కావాలి?

బాపు, అమ్మ, అక్క, నేను, తమ్ముడు, మా ఇంట్లో అందరం పొట్టివాళ్ళమే. బాపు మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే, వాకిట్లో నుంచి చూసేవాళ్ళకు మనిషి ఉన్నాడో లేడో తెలిసేది కాదు. అమ్మ బాపు భుజం దాకా వస్తుంది. మా మేనమామ ఒక్కడే ఎలా పుట్టాడో తాడిచెట్టంత మనిషి. భివండిలో మరమగ్గాల మీద పనిచేసేవాడు. మా ఇంటికి వచ్చిన ప్రతిసారీ గుమ్మం దగ్గర వంగడం మరిచిపోయి నుదురు కొట్టుకునేవాడు. ఆ ఎండాకాలం ఎవరిదో పెళ్ళికి వచ్చి మా ఇంట్లో దిగాడు. సారు సిద్ధాంతం అప్పటికే అమ్మ చెవిన పడింది. మర్నాడు పొద్దున మామను నిద్రలేపి, మొహం కడిగించి, నాతోపాటు గ్రౌండ్‌కు తీసుకొచ్చింది.

సారు మామను కింది నుంచి పైదాకా చూశారు. నేను అప్పటికి స్టిక్ పట్టుకుని వారం అయిందో లేదో. నా ఆట చూశారో లేదో నాకు గుర్తులేదు. నా నెత్తి మీద చెయ్యి పెట్టి అన్నారు, "గోల్‌కీపర్. రాసి పెట్టుకో అమ్మా, నీ బిడ్డ ఇండియాకు ఆడుతది."

అమ్మకు రాయడం రాదు. కానీ మేం ఇంటికి చేరేసరికి ఆ మాట వినని మనిషి మా వీధిలో లేడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, బంతిని సరిగ్గా ఆపడం కూడా రాకముందే నేను ఇండియా అయిపోయాను. అబద్ధమెందుకు, నాకు చాలా సంతోషమైంది. ఆ రోజు వీధిలో నడుస్తుంటే నేను నిజంగానే కాస్త పొడుగైనట్టు అనిపించింది.

ఆ ఏడాదే స్పోర్ట్స్ హాస్టల్ సెలెక్షన్స్‌లో నాకు సీటు వచ్చింది. అక్కడ మామను ఎవరూ చూడలేదు. పరుగెత్తించారు, గెంతించారు, బంతి విసిరించారు. అయినా ఇంట్లో అందరూ సారు మాట నిజమవుతున్నదనే అనుకున్నారు. బాపు నోటితో ఏమీ అనలేదు. ఆయన నేసేది గొల్లభామ చీరలు. తలమీద చల్లకుండ, చేతిలో కర్ర పట్టుకుని అంచు వెంట వరుసగా నడిచే ఆ బొమ్మను మా ఊళ్ళో గుర్తుపట్టనివాళ్ళు ఉండరు. ఆ బొమ్మ నేయడానికి మగ్గానికి దారాలు కట్టుకోవడమే పెద్ద తతంగం, ఒకసారి కుదిరిన లెక్కను ఎవరూ ముట్టుకోరు. బాపు ముట్టుకున్నాడు. అమ్మ కోసం నేసిన చీరలో గొల్లభామ చేతికర్ర చివరను కొంచెం వంకర తిప్పాడు. దూరం నుంచి తేడా తెలియదు. దగ్గరికి వచ్చి చూస్తే కొంగు నిండా హాకీ ఆడే గొల్లభామలు.

హాస్టల్లో నన్ను గోల్‌లో నిలబెట్టారు. కాళ్ళకు నా నడుం దాకా వచ్చే ప్యాడ్లు, తలకు హెల్మెట్. పెరిగితే సరిపోతాయన్నారు. నేనూ పెరుగుతాననే అనుకున్నాను. సెలవులకు ఇంటికి వస్తే అమ్మ నన్ను మగ్గం పైన ఉన్న దూలానికి వేలాడమనేది. కింద బాపు నేసేవాడు, పైన నేను వేలాడేదాన్ని. ఒక మూల కూర్చుని నూలు కండెలు చుట్టే మా అక్క నన్ను చూసి నవ్వేది. అలా వేలాడి వేలాడి చేతులకు బలం వచ్చింది గాని ఎత్తు మాత్రం రాలేదు.

హాస్టల్లో ఏటా కొందరిని ఏరేస్తారు. ఒకటి రెండేళ్ళు నన్ను వదిలేశారు, ఇంకా చిన్నపిల్ల అన్నారు. పద్నాలుగేళ్ళు వచ్చాక వదల్లేదు. చేతులు చురుకు, కళ్ళు చురుకు, కానీ పైనుంచి పోయే బంతులు అందడం లేదు అన్నారు. ఇప్పుడు గోల్ వదిలేసి ముందుకు వెళ్ళి ఆడమంటే, మిగతా అమ్మాయిలు ఐదారేళ్ళుగా నేర్చుకున్నది నేను ఎప్పుడు నేర్చుకోవాలి? బ్యాగు సర్దుకుని బస్సెక్కాను.

సిద్దిపేట బస్టాండుకు అమ్మ ఆ చీర కట్టుకుని వచ్చింది. ఎందుకు కట్టుకుందో ఈ రోజుకీ నేను అడగలేదు. నన్ను చిన్నబుచ్చకూడదనేమో, లేదా చేతికందిన చీర అదేనేమో. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఇల్లు చేరేదాకా ఆమె పక్కన నడవలేదు, ముందు నడిచాను. దారిలో ఎవరో "ఇండియా, సెలవులా" అని అడిగారు. అవునన్నాను.

సారును కలిస్తే, వానలు పడలేదని చెప్పే రైతులా మాట్లాడారు. హైటు రాలేదు బిడ్డా, ఏం చేస్తం అన్నారు. సిద్ధాంతం మీద నమ్మకం మాత్రం పోలేదు. కొంచెం ఆలోచించి, మీ మామది అసలైన పొడుగు కాదు, కాళ్ళు ఒక్కటే పొడుగు, అప్పుడు నేను సరిగ్గ చూడలేదు అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆయన మంచితనం చూసి ఊరుకున్నాను. ఊరుకోవడం తప్ప ఏం చేయగలను, ఆయన పగబట్టి చెప్పింది కాదు కదా.

తర్వాత అందరిలాగే చదువుకున్నాను. డిగ్రీ అయ్యాక రక్త పరీక్షలు చేసే ఒక ల్యాబ్‌లో కౌంటర్ దగ్గర ఉద్యోగం దొరికింది. రిపోర్టు చేతికివ్వడం నా పని. తీసుకున్న మనిషి కాగితం తిరగేసి నా మొహం చూస్తాడు, మంచిగనే ఉందా మేడం అని అడుగుతాడు. నాకు తెలియదు, డాక్టరును అడగండి అంటాను. ఏమవుతుందో మేం చెప్పకూడదని మొదటి రోజే గట్టిగా చెప్పారు. నాకు ఆ ఉద్యోగంలో బాగా నచ్చిన సంగతి అదే.

ఎండాకాలం వస్తే మాత్రం డ్యూటీకి ముందు గ్రౌండ్‌కు పోతాను. సారు రిటైరయ్యారు, అయినా క్యాంపు మానలేదు. చిన్నపిల్లలకు ప్యాడ్లు కట్టడానికి, దెబ్బలు తగిలితే పసుపు పెట్టడానికి ఒక మనిషి కావాలన్నారు. ఆయన అడిగారని పోతున్నానని ఇంట్లో చెబుతాను. నిజానికి ఆయన అడగకపోయినా పోయేదాన్ని. పొద్దున్నే ఆ మట్టి మీద నీళ్ళు చల్లిన వాసన, చెక్కకు బంతి తగిలే చప్పుడు, ఇవి లేకపోతే నాకు ఎండాకాలం వచ్చినట్టే ఉండదు.

మిరుదొడ్డి నుంచి, జగదేవ్‌పూర్ నుంచి మొదటి బస్సుకు పిల్లలను తీసుకుని తల్లులు వస్తారు. సారు సిద్ధాంతం ఇప్పుడు జిల్లా అంతటికీ తెలుసు. అందుకని పిల్లలతోపాటు మేనమామలు కూడా వస్తారు. పొలం పని మానుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులు కట్టుకుని ఒక వరుసలో నిలబడతారు. చూసేవాళ్ళకు సెలెక్షన్ వాళ్ళకేనేమో అనిపిస్తుంది. రెండేళ్ళ కింద ఒకామె చాలా పొడుగు మనిషిని వెంట తెచ్చింది. సారు మురిసిపోయి, పిల్ల గ్రౌండ్ నడిమధ్యన ఆడే సెంటర్ హాఫ్ అవుతుందన్నారు. నాకు అనుమానమొచ్చి పక్కకు పిలిచి అడిగితే, సొంత తమ్ముడు పొట్టిగుంటడు మేడం, ఈయన వరుసకు తమ్ముడైతడు అంది. వరుసకు తమ్ముడైతే వరుసకు ఎత్తు కూడా వస్తుందేమో మరి. నవ్వాలో ఏడవాలో తెలియక నేను సారుకు చెప్పలేదు.

ఈ ఎండాకాలం మా అక్క తన బిడ్డను తీసుకుని వచ్చింది. అక్కను ఎర్రవల్లి ఇచ్చాం, బావ వ్యవసాయం చేస్తాడు. పిల్లకు ఎనిమిదేళ్ళు నిండబోతున్నాయి. సెలవులకు ఏటా వస్తారు, కానీ ఈసారి అక్క సంచిలో నుంచి కొత్త బూట్లు తీసింది. బడిలో హాకీ నేర్పుతున్నారని, పిల్ల బాగా ఆడుతుందంటున్నారని, ఈ ఏడు హాస్టల్ సెలెక్షన్స్‌కు వయసు సరిపోయిందని చెప్పింది. ఈ వయసు దాటితే మళ్ళీ తీసుకోరట. ఆ సంగతి నాకు చెప్పాలా? సారు చూసి ఒక్క మాట చెబితే బావను ఒప్పిస్తానంది. బావ ఆడపిల్లను ఇంత చిన్న వయసులో పంపనంటున్నాడట.

మా అక్క గురించి ఎవరూ ఎన్నడూ ఏ జోస్యమూ చెప్పలేదు. నన్ను హాస్టల్‌కు పంపినప్పుడు ఆమె పదో తరగతి తప్పి ఇంట్లో కూర్చుంది. నాకు ఇంటి నుంచి పోయే పల్లిపట్టీలు, నెయ్యి ఆమె చేతిమీదుగానే డబ్బాలోకి వెళ్ళేవి. బిడ్డ బూట్ల లేసులు కడుతుంటే ఆమె మొహంలో నేను ఎప్పుడూ చూడని వెలుగు కనిపించింది. అది చూస్తే నాకు సంతోషం కలగాలి. కానీ లేచి స్కూటీ తుడవడానికి బయటికి పోయాను.

మర్నాడు గ్రౌండ్‌కు వెళ్ళాం. సారుకు కొత్తగా కంటి ఆపరేషన్ అయింది. నల్ల అద్దాలు పెట్టుకుని గోడ నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. అక్కను గుర్తుపట్టి పలకరించారు. పిల్ల చెయ్యి పట్టుకుని తడిమి చూశారు. పిల్లకు మేనమామ అంటే పట్నంలో పనిచేసే మా తమ్ముడే, వాడూ మాలాగే పొట్టి అని ఆయనకు తెలుసు కాబట్టి ఆ ప్రశ్న అడగలేదు. "నాకు అంత మసకమసక కనిపిస్తుంది బిడ్డా. ఈసారి నువ్వే చూసి చెప్పు. నువ్వు ఏది చెప్తే అదే" అన్నారు. అక్క నా వైపు తిరిగింది.

పెద్దపిల్లలతో ఆట పెట్టించాను. అక్క కూతురు ఎర్ర గౌనులో చివర నిలబడింది. స్టిక్ కొత్తగా పట్టినవాళ్ళందరూ బంతినే చూస్తూ పరుగెత్తుతారు, ఎదురుగా గోడ ఉన్నా గుద్దుకుంటారు. ఈ పిల్ల బంతిని చూడలేదు. బంతి తన స్టిక్ దగ్గరే ఉంటుందని దానికి తెలుసు. అది ఎక్కడికి పోవాలో అక్కడికి చూసింది. ఒక పెద్దపిల్లను ఎడమ పక్క నుంచి దాటింది, ఇంకొకతె మీదికి వస్తే స్టిక్ తిరగేసి బంతిని వెనక్కి లాగి మళ్ళీ దాటింది. ఎవరు నేర్పి ఉంటారు దానికి? గోల్ దగ్గరికి వచ్చాక మా గోల్‌కీపర్ పిల్ల ముందుకు ఉరికింది. అప్పుడు అది ఆగింది. ఎనిమిదేళ్ళ పిల్లలు ఆగరు. కళ్ళు మూసుకుని బలంగా కొట్టేస్తారు. ఇది ఆగి, గోల్‌కీపర్ కింద పడేదాకా చూసి, పక్క నుంచి మెల్లగా బంతిని లోపలికి తోసింది. అన్నేళ్ళు గోల్‌లో నిలబడ్డదాన్ని, నాకు తెలుసు. గట్టిగా కొట్టేవాళ్ళంటే మాకు భయం ఉండదు, ఆగేవాళ్ళంటేనే భయం.

అలాంటి ఆట ఆ గ్రౌండ్‌లో నేను చూడలేదు. నాలో కూడా ఎవరూ చూసి ఉండరు.

సారు "ఏంది బిడ్డా, ఎట్లుంది" అన్నారు. గోల్ కొట్టి ఉరికొచ్చిన పిల్లను అక్క పక్కన నిలబెట్టుకుంది.

"మామూలే సార్" అన్నాను. "ఆడుకుంటది. సెలెక్షన్స్ దాక వద్దు."

చాలా సులువుగా వచ్చింది ఆ మాట. సారు తల ఊపి, పోనీ చదువుకుంటది, చదువే మంచిది అన్నారు. అక్క వంగి పిల్ల బూట్లకు అంటిన మట్టిని చేత్తో దులిపింది. బూట్లు ఇంకా కాళ్ళకే ఉన్నాయి, ఇంకా ఆట అయిపోలేదు, అప్పుడే ఎందుకు దులుపుతున్నావని అడుగుదామనుకుని ఊరుకున్నాను.

వచ్చేటప్పుడు అక్క కూరగాయలకు రైతుబజార్ దగ్గర దిగింది. నేను పిల్లను స్కూటీ మీద ముందు నిలబెట్టుకుని బయట ఆగాను. దాని జడ నా గడ్డానికి తగులుతోంది, మొహం నాకు కనిపించడం లేదు. మంచిగ ఆడలేదని ఏడుస్తుందేమో, అలుగుతుందేమో అని చూశాను. అలగలేదు. చేతిలోని స్టిక్‌ను, నేనే పోయిన ఏడు తెచ్చి ఇచ్చిన స్టిక్‌ను, వెనక్కి నా చేతికిచ్చింది. వేరే పిల్లలకు ఇయ్యమంది. ఎందుకే, నువ్వు ఆడుకోవా అంటే చెప్పింది.

"మా సారు మంచిగ ఆడుతున్నవన్నడు. గని నువ్వు ఇండియాకు ఆడినవ్ గద చిన్నమ్మా. నీకే ఎరుకైతది."

పుట్టినప్పటి నుంచి నన్ను అందరూ ఇండియా అని పిలవడం విన్నది అది. ఎందుకు పిలుస్తారో దానికి ఎవరు చెప్పారు? ఆడాను కాబట్టే పిలుస్తున్నారనుకుంది. దాని లెక్కలో నేను ప్యాడ్లు కట్టుకుని దేశం తరఫున నిలబడ్డ మనిషిని. అందుకే నా మాట విని, వాళ్ళ బడి సారు మాట పక్కన పెట్టేసింది. ఎదురు కూడా చెప్పలేదు. ఆ క్షణంలో చెప్పి ఉండవచ్చు, నేను ఎవరికీ ఆడలేదని, పద్నాలుగేళ్ళకు బ్యాగు సర్దుకుని వచ్చేశానని. స్కూటీ అద్దంలో నా మొహం కనిపిస్తుంటే అద్దాన్ని పక్కకు తిప్పేశాను.

ఆ రోజు ల్యాబ్‌లో ఒక ముసలాయన రిపోర్టు పట్టుకుని, ఏమైతది బిడ్డా నాకు అని అడిగాడు. నాకు తెల్వదు తాతా అన్నాను. మూడు ముక్కలు. రోజూ కౌంటర్‌లో అనేవే. పొద్దున ఆ పసిపిల్ల గురించి అడిగితే ఎందుకు అనలేకపోయాను? సారు నా గురించి అబద్ధం చెప్పలేదు, నమ్మి చెప్పారు. నేను కళ్ళారా చూసినదాన్ని లేదని చెప్పాను. ఇన్నేళ్ళూ ఆయన మీద లోపల్లోపల పళ్ళు నూరుకున్నందుకు కూడా సిగ్గేసింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అక్క వాకిట్లో కూర్చుని గోరుచిక్కుడు తుంచుతోంది. పిల్ల లోపల టీవీ చూస్తోంది. బాపు చాయ్ తాగడానికి, అమ్మ పక్కింటికి పోయారు. నేను చెప్పులు విప్పకుండానే అక్క ముందు కూర్చున్నాను. పొద్దున అబద్ధం చెప్పానని, పిల్ల నాకంటే ఎంతో బాగా ఆడుతుందని చెప్పాను. అక్క చేతులు ఆగాయి. ఎందుకలా చెప్పావని అడిగింది. రోజంతా తయారుచేసి పెట్టుకున్న జవాబు చెప్పాను. దాని గతి నాలాగే అవుతుందేమోనని భయపడ్డానన్నాను. అంత చిన్న వయసులో పంపుతారు, పోలికలూ ఎత్తులూ చూసి ఏదో అవుతుందంటారు, కాకపోతే ఇంటికి పంపిస్తారు, ఆ తర్వాత జన్మంతా వీధిలో తల దించుకుని నడవాలి, ఆ బాధ దానికెందుకు అన్నాను. బాగానే చెప్పాను. చెబుతుంటే నాకే కళ్ళు చెమర్చాయి.

అక్క అంతా విని, హాస్టల్లో సరిగ్గా చూసుకునేవాళ్ళు కాదా అని అడిగింది. ఇన్నేళ్ళలో మా ఇంట్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమె. మిగతావాళ్ళందరూ ఎంత పెరిగావనే అడిగారు.

బాగానే చూసుకునేవాళ్ళన్నాను. మొదట్లో మాత్రం రోజూ ఏడ్చేదాన్ని, దుప్పటి నోట్లో కుక్కుకుని మరీ.

"మరి మాకెందుకు చెప్పకపోతివే?"

"చెప్తే ఇంటికి తీస్కస్తరని."

అన్నాక నాకే ఆశ్చర్యమేసింది. ఆ మాట ఎప్పుడూ నాకు నేను కూడా చెప్పుకోలేదు. పొద్దున చీకటితోనే లేచి పరుగెత్తడం, పక్క మంచం పిల్ల జడ నేను వేస్తే నా జడ అది వేయడం, చెమట వాసన కొట్టే ప్యాడ్లు, బంతి వాటికి తగిలి వెనక్కి పోయినప్పుడు ఒళ్ళంతా వచ్చే ఆ సంతోషం. నేను ఇండియా కాలేదన్న సిగ్గుతో ఆ ఏళ్ళన్నిటినీ మూట కట్టి అటక మీద పడేశాను. ఏడ్చాను, నిజమే. కానీ ఏడుస్తూ కూడా అక్కడే ఉండాలనుకున్నాను.

అక్క చాటలోని చిక్కుళ్ళను చూస్తూ అడిగింది, "గంత మంచిగుంటే మరి దీనికెందుకు వద్దన్నవ్?"

నా దగ్గర తయారుగా ఉన్న జవాబు అయిపోయింది. రెండోది ఉంది. అది పొద్దున గ్రౌండ్‌లో, పిల్ల ఆగి గోల్‌కీపర్‌ను చూసినప్పుడే నాకు తెలుసు. అదే నిజంగా ఇండియా అవుతుందేమో, అప్పుడు వీధిలో నన్ను ఏమని పిలుస్తారు అనిపించింది. నన్ను రోజూ కోసుకు తినే ఆ పేరు కూడా ఇంకొకరికి పోతుందంటే పడలేదు నాకు.

"కుళ్ళయింది అక్కా" అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. అక్క చాట పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

"నిన్ను హాస్టల్‌కు పంపిననాడు నాకు గూడ కుళ్ళే అయింది. మూలకు కూసోని కండెలు సుట్టుకుంట ఏడ్చిన. గని నిన్ను పోవద్దని ఒక్క మాట అనలె."

దెప్పి పొడవలేదు, గొంతు పెంచలేదు. పల్లిపట్టీల డబ్బా మూత ఆమె ఎలా గుడ్డ కట్టి బిగించేదో గుర్తొచ్చి నేను నేల చూపులు చూశాను. పిల్లను పంపాలో వద్దో తర్వాత సంగతి, మీ బావతో మాట్లాడుకుంటాం, ముందు నువ్వు దానికి చెప్పు అంది. లోపలి నుంచి బిడ్డను పిలిచింది.

పిల్ల వచ్చి వాళ్ళమ్మ భుజానికి ఆనుకుని నిలబడింది. దీనికి చెప్పడం కంటే అక్కకు చెప్పడమే సులువని అప్పుడు తెలిసింది. దాని మొహం చూడకుండా మొదలుపెట్టి, మళ్ళీ చూసే చెప్పాలనుకుని తలెత్తాను. నేను ఇండియాకు ఎన్నడూ ఆడలేదని, ఊరికే అట్ల పిలుస్తరని చెప్పాను. పొద్దున నువ్వు మంచిగ ఆడినవ్, నాకంటే మంచిగ, మామూలే అని నేను అన్నది అబద్ధం అని చెప్పాను. ముందుముందు నువ్వు ఏమైతవో నాకు తెల్వదు, సారుకు గూడ తెల్వదు, గని పొద్దున ఆడింది మాత్రం మంచి ఆట అన్నాను.

దానికి కోపం లేదు, సంతోషం కూడా లేదు, లెక్క తేలనప్పుడు పిల్లలు పెట్టే మొహం పెట్టింది.

"ఇప్పుడు చెప్పేది నిజమేనా?" అని అడిగింది.

నిజమే అన్నాను.

సరేనన్నట్టు తల ఊపింది. ఆ తర్వాత నిజమో కాదో తెలుసుకోవడానికి వాళ్ళమ్మ మొహంలోకి చూసింది.